ఐస్‌లాండ్‌ను నడిపేది ప్రధానమంత్రి

సంపాదకులు గారికి,

ఆదివారం మీ పిల్లల పేజీలో ఐస్‌లాండ్‌ను అధ్యక్షురాలు పాలిస్తారని వేశారు, మా అమ్మాయి అదే నోట్సులో ఎక్కించుకుంది. అక్కడ అధ్యక్ష పదవి చాలావరకు అలంకారమే, ప్రభుత్వాన్ని నడిపేది ప్రధానమంత్రి, జవాబు చెప్పుకోవాల్సింది 63 మంది సభ్యులుండే ఆల్థింగి అనే పార్లమెంటుకి. ఆ పార్లమెంటు 930లో థింగ్‌వెల్లిర్ అనే చోట ఆరుబయటే మొదలైంది! డెన్మార్క్ రాజుతో బంధం తెంచుకుని ఐస్‌లాండ్ 1944లో రిపబ్లిక్ అయింది. జనాభా సుమారు 4 లక్షలు, అంటే మన దగ్గర ఒక ఊరు. నాటోలో ఉంది గానీ సొంత సైన్యం లేదు.

ఇంకోటి, 2024 డిసెంబరులో ప్రధాని అయిన క్రిస్ట్రున్ ఫ్రోస్తాదోత్తిర్ పేరులో రెండోది మీరు రాసినట్టు ఇంటిపేరు కాదు, ఫ్రోస్తి కూతురని అర్థం. అక్కడ ప్రధానినైనా సొంత పేరుతోనే పిలుస్తారు. వచ్చే ఆదివారం సవరణ వేయండి, ఆ నోట్సు కూడా దిద్దించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఏలూరు