మేడ మీది వేడికి జవాబుదారీ ఎవరు?

సంపాదకుడు గారికి,

ఎండాకాలం వచ్చిందంటే కరెంటు కోతల మీద, బిల్లుల మీద మీకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఇళ్లు కట్టే తీరు మీద మాత్రం రావు. సివిల్ ఇంజినీరుగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నేను రాస్తున్నాను.

పెరంబూరులో మాది పై అంతస్తు ఫ్లాటు. మే నెలలో రాత్రి పదింటికి ఫ్యాన్ వేసినా వడగాలే దిగుతుంది. పగలంతా ఎండ తాగిన స్లాబు ఆ వేడిని రాత్రి లోపలికి వదులుతుంది. జార్జిటౌన్‌లోని పాత మేడల్లో ఇంత బాధ లేదు. టేకు దూలాల మీద నిలువుగా పేర్చిన ఇటుక, సున్నం, ఆపైన పెంకు. ఆ మందం మనం వదిలేసి ఏసీలు కొనుక్కున్నాం.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. పెద్ద వాణిజ్య భవనాలకు 2007లోనే ఇంధన పొదుపు కోడ్ వచ్చింది. ఇళ్ల కోసం 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్నే సవరించారు. లేనిదల్లా ఆ పని మీదే కూర్చుని, ఏళ్ల తరబడి వెంటపడే అధికారి.

అలాంటివాళ్లు ఏం చేయగలరో చూశాం. ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అణుకణాల భౌతిక శాస్త్రవేత్త. 1973 చమురు సంక్షోభం తర్వాత భవనాల వైపు మళ్లాడు. అమెరికా ఇంధన శాఖలో సలహాదారుగా చేసి, 2000 నుంచి పదేళ్లు కాలిఫోర్నియా ఇంధన కమిషన్‌లో ఉన్నాడు. ఆయన ఉండగానే, 2005లో, అక్కడి వాణిజ్య భవనాల చదును కప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్లరంగు నియమం వచ్చింది. మన దగ్గర అజయ్ మాథుర్ కెమికల్ ఇంజినీరు. ఇంధన సామర్థ్య బ్యూరోకి 2006 నుంచి 2016 దాకా అధిపతి. ఫ్రిజ్ కొనేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లు ముందు నక్షత్రాలు లెక్కపెడుతున్నారంటే ఆ పదేళ్ల చలవే (మగవాళ్లు ఇంకా రేటే చూస్తారు, అది వేరే సంగతి).

చెన్నైకి ఇది చేతకాని పనేం కాదు. 2003లో రాష్ట్రం వాన నీటి గుంతలు తప్పనిసరి చేస్తే, పట్టుబట్టి తవ్వించింది ఈ ఊరే. తెలంగాణ 2023లో చల్లటి కప్పుల విధానం తెచ్చింది. తమిళనాడు ఎందుకు వెనకబడాలి?

నేను కోరేది ఇది. ప్లాన్లు మంజూరు చేసే చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ(సీఎండీఏ)లో భవనాల వేడి, కరెంటు వాడకం చూడటానికే ఒక విభాగం పెట్టాలి. దానికి సాంకేతిక నిపుణుణ్ణి కనీసం ఐదేళ్లకు నియమించాలి. ఏడాదికో బదిలీ పెడితే ఫైలు అర్థమయ్యేసరికి మనిషి మారిపోతాడు. కోడ్ పాటించని భవనానికి కంప్లీషన్ సర్టిఫికెట్ ఆపే అధికారం కూడా ఆయనకు ఇవ్వాలి. విభాగం ఏర్పడేలోగా ప్రభుత్వ కార్యాలయాల మేడల మీద తెల్ల టైల్స్ వేయించడం మొదలుపెట్టవచ్చు, దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

— ఓ విశ్రాంత ఇంజినీరు, పెరంబూరు, చెన్నై