మాస్టారూ, మావాడు 156కి వచ్చాడు

మొన్న జూన్‌లో మా అబ్బాయి ఇంటర్ సెకండియర్‌కి వచ్చాడు. ఎత్తు 156 సెంటీమీటర్లు. ఈ వయసు మగపిల్లాడికి ఇదేమంత ఎత్తు అనుకుంటారేమో. పోయిన జూన్‌లో వాడు 147. ఒక్క ఏడాదిలో తొమ్మిది సెంటీమీటర్లు! ఇప్పుడు వాడూ నేనూ సరిసమానం. ఇక్కడిదాకా రావడానికి మాకు తోడు నిలిచినవాళ్ళకి అందరి ముందూ థాంక్స్ చెప్పుకోవాలని ఈ పోస్టు.

తొమ్మిదో తరగతిలో చేరేటప్పుడు వాడు 136. ప్రేయర్ లైన్లో ఆరో తరగతి నుంచీ అందరికంటే ముందు నిలబడేది వాడే. ఆర్టీసీ బస్సెక్కితే కండక్టరు అడక్కుండానే హాఫ్ టికెట్ కొట్టేవాడు. వీడేమో "నాకు పదమూడు నిండాయండీ, ఫుల్ టికెట్ ఇవ్వండి" అని పట్టుబట్టేవాడు. బస్సంతా నవ్వేది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టేవాడు కాదు. వీడికంటే రెండేళ్ళు చిన్నదైన మా ఆడపడుచు కూతురు వీడిని దాటిపోయింది. ఎవరింట్లో పెళ్ళికెళ్ళినా "గిడసబారిపోయాడేంటమ్మా, తిండి పెట్టట్లేదా?" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. చివరికి పెళ్ళిళ్ళకి వెళ్ళడమే మానుకున్నాను.

టీవీ ప్రకటనల్లో చూపించే పొడి డబ్బాలు తెచ్చాం. గుమ్మానికి రాడ్డు బిగించి రోజూ వేలాడమన్నాం. పాపం, చేతులు బొబ్బలెక్కాయి తప్ప ఒరిగిందేమీ లేదు. ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే (పేరు ఇక్కడెందుకులెండి) పది నిమిషాలు చూసి, గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెడదాం, రోజుకొకటి, కొన్నేళ్ళపాటు అన్నారు. ఖర్చు విని ఇంటికొచ్చాక మా ఆయన నా గాజుల వైపు చూశారు. నేనూ తీసివ్వడానికి సిద్ధమైపోయాను.

అప్పుడు ఆపింది మా తోడికోడలు. తను స్టాఫ్ నర్సు. "అక్కా, గాజులు తర్వాత తీద్దువుగాని. ముందు గుంటూరులో పిల్లల ఎండోక్రైనాలజిస్టుకి, అంటే హార్మోన్ల డాక్టరుకి, చూపించండి. వాడి పాత ఎత్తులు ఎక్కడైనా రాసి ఉంటే పట్టుకెళ్ళండి" అంది. మా దగ్గర టీకాల కార్డు తప్ప ఏమీ లేదు. ఇంట్లో గోడ మీద గీసిన గీతలేమో అంతకుముందు సంక్రాంతి సున్నంలో పోయాయి.

ఆ ఎత్తులు దొరికింది వాడి హైస్కూల్ పీఈటీ మాస్టారి దగ్గర. ఆటల పోటీలకి పిల్లల్ని ఎంపిక చేయడానికి ఆయన ఏటా జూన్‌లో అందరి ఎత్తూ బరువూ రాసుకునేవారట. ప్రేయర్ అయ్యాక, చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి, ప్రతి ఏడాదీ అదే గోడ దగ్గర. నేను అడగ్గానే పాత నోట్‌బుక్ తీసి ఒక కాగితం మీద రాసిచ్చారు: ఆరో తరగతిలో 122.5, ఏడులో 127.5, ఎనిమిదిలో 132, తొమ్మిదిలో 136.

ఆ కాగితం చూసి డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇది లేకపోతే ఆరు నెలలో ఏడాదో ఆగి మళ్ళీ కొలిచి చూడాల్సి వచ్చేదమ్మా" అన్నారు. ఆవిడ అడిగింది ఎంత ఎత్తున్నాడని కాదు, ఏడాదికి ఎంత పెరుగుతున్నాడని. యుక్తవయసు మార్పులు రాకముందు పిల్లలు ఏడాదికి నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్లు పెరుగుతారట. వీడు తక్కువలో ఉన్నా ఆగిపోలేదు. మన దేశపు పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు 2015లో సవరించిన చార్టు మీద ఆ నాలుగు అంకెలకీ చుక్కలు పెట్టారు. చుక్కలన్నీ అట్టడుగు గీతని పట్టుకునే నడిచాయి.

తర్వాత ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీయించారు. ఎముకల చివర్ల దగ్గర పెరిగే భాగాలు ఎంతవరకు వచ్చాయో చూసి, ఒక్కో వయసుకి ఎలా ఉండాలో చూపించే బొమ్మలతో పోల్చి, ఎముకల వయసు చెబుతారట. వాడి వయసు పదమూడున్నర, ఎముకల వయసు పదకొండు. నాకు గుండె ఆగినంత పనైంది. ఆవిడేమో నవ్వి "ఇది మంచి వార్తేనమ్మా, ఇంకా పెరగడానికి బోలెడు టైముంది" అన్నారు.

అప్పుడు మా ఆయన వైపు తిరిగి, "మీరు ఎప్పుడు పొడుగయ్యారు?" అని అడిగారు. ఈయన నేల చూపులు చూస్తూ, "ఇంటర్ సెకండియర్‌లో. డిగ్రీలో కూడా పెరిగానండీ" అన్నారు. పదిహేడేళ్ళ కాపురంలో ఈ ముక్క నాకు తెలియదు! టెన్త్ గ్రూప్ ఫోటోలో ముందు వరసలో నేల మీద కూర్చున్నారని అదెక్కడో దాచేశారట. చిన్నప్పటి సిగ్గు. ఇంటికొచ్చి అడిగితే మా అత్తగారు, "అవునమ్మా, ఇంటర్‌లో వీడి ప్యాంటు అంచులు మూడుసార్లు విప్పించాను, మీసం కూడా అప్పుడే వచ్చింది" అన్నారు. ఇదేదో ముందే అనుంటే కనీసం పొడి డబ్బాల డబ్బులు మిగిలేవి.

థైరాయిడ్, రక్తం, కిడ్నీ, గోధుమ పడకపోవడానికి చేసే టెస్టు, అన్నీ నార్మల్. గ్రోత్ హార్మోన్ టెస్టు మాత్రం అప్పుడే వద్దన్నారు. ఎదుగుదల ఆలస్యమైన పిల్లల్లో యుక్తవయసుకి ముందు అది ఒక్కోసారి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుందట. మా ఆయన 172, నేను 156. రెండూ కలిపి, మగపిల్లాడు కాబట్టి ఇంకో 13 కలిపి, సగం చేస్తే 170.5. ఆడపిల్లయితే ఆ 13 తీసేస్తారు. అటో ఇటో ఏడెనిమిది తేడాతో అక్కడికి చేరతాడన్నారు. మందు రాయలేదు. గుడ్డు, పప్పు, పాలు, ఆట, నిద్ర, ఆరు నెలలకోసారి కొలత. అంతే.

అలాగని అందరికీ "ఆగండి" అని చెప్పలేదు ఆవిడ. అదే రోజు వెయిటింగ్ హాల్లో ఒక పాప తల్లి పక్కన కూర్చున్నాను. పాప ఏడాదిగా ఎత్తు పెరగలేదు, బరువు మాత్రం పెరుగుతోంది. థైరాయిడ్ అని తేలితే ఆ రోజే మాత్ర మొదలుపెట్టారు. అమ్మాయిలకి 13, అబ్బాయిలకి 14 నిండినా శరీరంలో మార్పులేవీ మొదలవకపోతే చూపించాల్సిందేనని మాకూ చెప్పారు. మావాడికి పద్నాలుగు నిండిన కొత్తలో గొంతు మారడం మొదలైంది. టెన్త్‌లో 140.5, ఇంటర్ ఫస్టియర్‌లో 147, ఇప్పుడు 156.

డాక్టరమ్మకి, మా తోడికోడలికి నేరుగానే చెప్పుకున్నాను. మా వీధి టైలర్ బాబాయికి కూడా. ప్రతి ప్యాంటుకీ లోపల మూడు అంగుళాల మడత వదిలి, విప్పిన ప్రతిసారీ డబ్బులు తీసుకోలేదు.

మాస్టారికి మాత్రం చెప్పలేకపోయాను. రెండేళ్ళ కిందట బదిలీ అయి వెళ్ళిపోయారు, పాత నంబరు కలవట్లేదు. ఆయన ఫేస్‌బుక్ చూసే మనిషి కాదు. పల్నాడు వైపు హైస్కూళ్ళలో పనిచేసేవాళ్ళెవరైనా ఇది చదివితే, పిల్లల ఎత్తులు నోట్‌బుక్‌లో రాసుకునే పీఈటీ మాస్టారు మీకు తెలిస్తే, నా మాటగా ఒక్క కబురు చేర్చండి. ఆ నోట్‌బుక్ ఇంకా ఉంటే, ప్రేయర్ లైన్లో ముందు నిలబడే మావాడి పేరు పక్కన 156 అని రాసుకోమనండి.