నత్తలు మేసే ట్రౌట్: చిన్నాయనకు ఉత్తరం

గాల్వే, ఐర్లాండ్

చిన్నాయనకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఎర లేకుండా, సీసం లేకుండా, బెండు లేకుండా చేప ఎట్లా పడుతుందని, అందులోనూ నత్తలు మేసే ట్రౌట్ చేప ఈకల గాలానికి (దీన్నే ఇక్కడ ఫ్లై అంటారు) ఎట్లా నోరు తెరుస్తుందని నువ్వు ఫోనులో అడిగావు. ఫోనులో సగమే చెప్పగలను గనక వివరంగా రాస్తున్నా.

ముందు నత్త సంగతి. మన చెరువుల్లో నాచుకు అంటుకుని పలచటి గుల్లతో ఉంటాయే, గొర్రెలకు కార్జపు జలగలు వాటి వల్లే వస్తాయని పశువుల డాక్టరు చెబుతాడే, ఇక్కడి సరస్సుల్లో ఉండేవీ ఆ కుటుంబానివే. చిటికెన వేలి గోరంత ఉంటాయి. గుల్ల కట్టుకోవడానికి సున్నం కావాలి. ఇక్కడ కారిబ్, మాస్క్, కారా, షీలిన్ సరస్సుల కింద సున్నపురాయి ఉంది, అందుకే వాటిలో నత్తలు సమృద్ధి. మెల్విన్ అనే సరస్సులో గిల్లరూ అని ఒక రకం ట్రౌట్ ఉంది. బంగారు ఒళ్లు, ఎర్రటి చుక్కలు. నత్తలే దాని ముఖ్యమైన మేత కాబట్టి దాని పొట్ట గోడ కోడి కందనగాయ మాదిరి మందంగా ఉంటుంది.

ఈ నత్తలకు మొప్పలుండవు, ఊపిరితిత్తి ఉంటుంది. ఎండాకాలం గాలి ఆడని రోజుల్లో, నీళ్లు వెచ్చబడినప్పుడు గుంపులుగా పైకి తేలతాయి. పాదం పైకి, గుల్ల కిందికి పెట్టి నీటి పొరకు వేలాడుతూ, రవ్వంత గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతాయి. కాబట్టి గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఆ చివరి ఒడ్డుకు వెళ్లాలి. ట్రౌట్ జానెడు లోతులో నెమ్మదిగా తిరుగుతూ ఒక్కొక్కటే ఏరుకుంటుంది. ఎగరదు, చప్పుడు చేయదు. ముందు ముక్కు, తర్వాత వీపు, తర్వాత తోక కనబడి మునుగుతుంది. దోమజాతి పురుగుల్ని మేసేటప్పుడూ అచ్చం ఇట్లాగే కనిపిస్తుంది, చాలామంది మోసపోయేది అక్కడే. పురుగుల్లా కట్టిన ఫ్లైలు ఎన్ని మార్చినా చేప పక్కనుంచి పోతుంటే, వంగి నీటి మీద అడ్డంగా చూడు. నల్లటి చుక్కలు చెల్లాచెదురుగా కనబడితే అవి నత్తలే.

ఇక ఫ్లై. 10 లేదా 12 నంబరు హుక్, నోరు వెడల్పుగా ఉన్నది తీసుకోవాలి. నల్ల దారం చుట్టి, దాని మీద నల్ల ఉన్నితో శనగగింజంత ఉబ్బు తేవాలి. నెమలీక పోగులు నాలుగు కొసలు కలిపి కట్టి, దారంతో కలిపి తాడులా పేనుకుని, ఉబ్బు మీద ముందుకు చుట్టుకుంటూ రావాలి. పేనకుండా ఉత్త పోగులు చుడితే మొదటి చేప పళ్లకే పీలికలవుతాయి. హుక్ కన్ను దగ్గర నల్ల కోడిపెట్ట మెడ ఈక రెండే చుట్లు. పుంజు ఈక వద్దు, అది బిరుసుగా నిలబడుతుంది, పెట్ట ఈక నీళ్లలో మెత్తగా ఆడుతుంది. నత్తలు పైన తేలే రోజుకు ఉన్ని బదులు బెండుముక్కను పైన చదునుగా, కింద గుండ్రంగా కోసి అతికించి, దాని మీద నెమలీక చుడతారు. ఆ చదునే నత్త పాదం. ఏది కట్టినా ముల్లుకూ ఒంటికీ మధ్య సగానికి పైగా ఖాళీ ఉండాలి. ఒళ్లు బాగా ఉబ్బితే చేప నోట్లో పెట్టుకున్నా ముల్లు దిగదు.

(మన వైపు రాలిన నెమలీకలు నాకు పంపాలని చూడొద్దు. దేశం దాటించడం నిషేధం. ఇక్కడి అంగట్లో దొరుకుతాయి.)

నువ్వు విసిరే గాలంలో బరువు సీసానిది. ఇక్కడ బరువంతా లైనుదే, అంటే లావుపాటి గాలం తాడుదే, ఫ్లై దాని వెంట పోతుందంతే. 10 అడుగుల రాడ్ (గాలం కర్ర), 6 నంబరు తేలే లైను, దాని కొసకు 12 నుంచి 15 అడుగుల సన్నటి నైలాన్. ఆ నైలాన్ నీటి మీద తేలితే అద్దంలాంటి నీళ్లలో గీతలా కనబడి చేప బెదురుతుంది. ముల్తానీ మట్టిలో గిన్నెలు తోమే సబ్బునీళ్లు, కొంచెం గ్లిజరిన్ కలిపి ముద్ద చేసి, చివరి నాలుగడుగులకు రుద్దితే జిడ్డు పోయి మునుగుతుంది. అరగంటకోసారి మళ్లీ రుద్దాలి. ఫ్లైకి మాత్రం ఆ ముద్ద తగలనివ్వకూడదు.

అసలు కిటుకు విసిరిన తర్వాతే ఉంది. చేప పోయే దారి చూసి, దానికి రెండు గజాలు ముందు వేసి వదిలెయ్యాలి. లాగకూడదు. నత్త ఈదదు కదా! చేతులు ఊరకుండక కొద్దిగా లాగితే చాలు, దగ్గరికొచ్చిన చేప తిరిగిపోతుంది. మనం లాగకపోయినా గాలి లాగుతుంది. లైను విల్లులా వంగిందంటే ఫ్లై జరుగుతున్నట్టే. రాడ్ కొన నీటికి ఆనించి, ఆ వంపును గాలి వచ్చే వైపుకు ఎత్తి వేసుకోవాలి. చేప తల మీదుగా లైను పడితే దాన్నిక మర్చిపో.

చేప నోట్లో పెట్టుకున్నప్పుడు జర్కు ఉండదు, లైను కొస రెండంగుళాలు ముందుకు జారుతుంది. అది చూసీ చూడగానే గుంజితే నోట్లోంచి ఊడొస్తుంది. లైను బిగిసేదాకా ఆగి, రాడ్ నెమ్మదిగా ఎత్తితే చాలు.

నత్తలు పైకి రాని రోజుల్లో చేప నాచు పక్కన మూడు నుంచి ఆరడుగుల లోతులో మేస్తుంది. అప్పుడు బెండు లేని ఫ్లైని నాచు అంచున మునగనిచ్చి, లైనును వేళ్లతో అరచేతిలోకి మడతలు పెట్టుకుంటూ నిమిషానికి రెండు మూడడుగులకు మించకుండా తేవాలి.

అనుమానం తీరాలంటే పట్టిన చేప పొట్ట తడిమి చూడు. గుల్లలు గరగరమని చేతికి తెలుస్తాయి. వదిలేసే చేపైతే ముందే ముల్లు వెనక పంటిని పట్టకారుతో నొక్కేసి ఉంచుకోవాలి, చేతులు తడుపుకుని నీళ్లలోనే విడిపించాలి. పొడి చేత్తో పడితే ఒంటి జిగురు పోయి తర్వాత బూజు పడుతుంది.

మన చెరువుల్లో ట్రౌట్ బతకదు, దానికి ఇరవై డిగ్రీల లోపు చల్లటి నీళ్లు కావాలి. దగ్గర్లో చూడాలంటే నీలగిరి కొండలకో మున్నారుకో పోవాలి. ఎప్పుడైనా పోతే ముందు అక్కడి అనుమతి కాగితం తీసుకో. రెండు రకాల ఫ్లైలూ కట్టి పంపుతా.

చిన్నమ్మకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ అన్న కొడుకు