మా షెడ్డులో బుల్లెట్ క్లచ్ పని చేయించుకున్న వారందరికీ

నమస్కారం. ఈ సంక్రాంతి మొదలు ఉగాది వరకు విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో పాత బుల్లెట్లకు క్లచ్ పని చేయించుకున్న వారికి ఒక విషయం దాచకుండా చెప్పవలసి ఉంది. ఆ రోజుల్లో మేము ప్లేట్లు మార్చి పంపిన బండ్లలో నాలుగు మళ్ళీ క్లచ్ ఫిర్యాదుతోనే తిరిగి వచ్చాయి. మేము వేసిన ప్లేట్లు మంచివే. లోపం మా పనిలో ఉంది.

ఆ సంగతి మాకు తెలిసింది గుడివాడ నుంచి వచ్చే ఒక రిటైర్డు మాస్టారి బండి వల్ల. అది 1984 నాటి 350 సీసీ బుల్లెట్. ఫస్ట్ గేరు వేస్తే కరకరమనేది, సిగ్నల్ దగ్గర ఆగితే న్యూట్రల్ దొరికేది కాదు. రెండుసార్లు ప్లేట్లు మార్చాము, రెండుసార్లూ డబ్బు తీసుకున్నాము. మూడోసారి వచ్చినప్పుడు మాస్టారు కోప్పడలేదు. బండి స్టాండు వేసి, "ఈసారి కాస్త నిదానంగా చూడు బాబూ, నేను సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను" అన్నారు.

ఇంజను పక్కన చైన్‌నూ క్లచ్‌నూ కప్పి ఉండే చైన్ కేసు విప్పి, ప్లేట్లు అమరి ఉండే క్లచ్ డ్రమ్మును బయటికి తీసి, వెలుతురులో పెట్టి, ప్లేట్ల చెవులు, అంటే వాటి అంచున పొడుచుకు వచ్చిన పళ్ళు, కూర్చునే గాడుల అంచు వెంట గోరు పోనిస్తే, ప్రతి ప్లేటు ఉండే చోటా గోరు తట్టుకుని ఆగింది. ఏళ్ళ తరబడి చెవులు కొట్టుకుని కొట్టుకుని అక్కడ గుంటలు పడ్డాయి. లీవరు నొక్కినప్పుడు ప్లేట్లు ఒకదాని నుంచి ఒకటి పక్కకు జరిగి విడిపోవాలి. చెవులు గుంటల్లో ఇరుక్కుంటే అవి విడిపోవు, ఇంజను గేరుబాక్సును తిప్పుతూనే ఉంటుంది. ఎన్ని కొత్త ప్లేట్లు వేసినా వాటి చెవులూ ఆ గుంటల్లోకే దిగుతాయి. గుంటలు లోతు తక్కువగా ఉంటే అన్ని గాడులనూ ఒకే కొలతకు ఆకురాయితో సరిచేయవచ్చు, లోతుగా ఉంటే డ్రమ్ము మార్చక తప్పదు. మేము రెండుసార్లు విప్పి కూడా ఈ అంచులు చూడలేదు.

ఇంతకంటే నన్ను బాధపెట్టింది పుష్‌రాడ్. గేరుబాక్సు షాఫ్టు బోలులోంచి వెళ్ళి క్లచ్‌ను నెట్టే ఆ రాడ్డు కొన నీలం తిరిగి, మేకు తల చితికినట్టు చితికి ఉంది. గేరు శబ్దం తగ్గించాలని మా షెడ్డులోనే క్లచ్ కేబుల్‌ను ఆట లేకుండా బిగించేశారు. లీవరు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఆట లేకపోతే రాడ్డు మీద ఎప్పుడూ ఒత్తిడి ఉండి, రాపిడికి వేడెక్కి, కొన మెత్తబడి అరుగుతుంది. పైగా ప్లేట్లు పూర్తిగా కరుచుకోక, ఇంజను మోత పెరిగినా బండి వేగం పెరగదు. ఒక జబ్బుకు మందు వేస్తూ రెండో జబ్బు మేమే తెచ్చామన్నమాట.

ఇంజను నుంచి క్లచ్‌ను తిప్పే ప్రైమరీ చైన్ విషయంలోనూ మా కొలత తప్పింది. బుల్లెట్‌లో గేరుబాక్సు ఇంజను వెనుక బోల్టులతో బిగించి ఉంటుంది గనుక, కొన్ని ఇతర పాత ఇంగ్లీషు బండ్లలో మాదిరి దాన్ని వెనక్కి లాగి చైన్ బిగించడం కుదరదు. చైన్ కింద ఉండే టెన్షనర్ పట్టీతోనే సర్దాలి. 1955 ప్రాంతంలో మద్రాసులో తయారీ మొదలైన నాటి నుంచి ఇనుప సిలిండరు ఇంజను ఉన్నన్నాళ్ళూ ఈ పద్ధతే నడిచింది. అరిగిన చైన్ చుట్టూ ఒకే రకంగా సాగదు. మాస్టారి బండిలో ఒకచోట వేలితో ఎత్తితే దాదాపు పది మిల్లీమీటర్లు లేచింది. కిక్కు మెల్లగా తొక్కుతూ ఇంజను తిప్పితే మరోచోట తీగలా బిగుసుకుంది. బాగా బిగుతైన చోట పావు అంగుళం, అంటే సుమారు ఆరు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. మేము వదులైన చోట చూసి బిగించాము. అలా నడిస్తే చైన్ బిగుసుకున్న ప్రతిసారీ క్రాంకు బేరింగు మీద, గేరు షాఫ్టు మీద గుంజుడు పడుతుంది.

తిరిగి వచ్చిన నాలుగింటిలో ఒకదానికి మాత్రం కారణం వేరు. చైన్ కేసులో కారు ఇంజను ఆయిలు పోయడం వల్ల ప్లేట్లు జారాయి.

సంక్రాంతి నుంచి ఉగాది వరకు మా దగ్గర క్లచ్ పని జరిగిన ప్రతి బండినీ తీసుకురండి, విప్పి చూడడానికి ఏమీ తీసుకోము. పుష్‌రాడ్ దెబ్బతిని ఉంటే మా ఖర్చుతో మారుస్తాము. డ్రమ్ము, చైన్ అవసరమైతే కొన్న ధరకే వేస్తాము. అనవసరంగా రెండోసారి ప్లేట్లు వేయించుకున్న ఇద్దరికీ ఆ డబ్బు వెనక్కి ఇచ్చేశాము.

ఇకపై క్లచ్ పనికి రోజుకు ఒక్క బండే తీసుకుంటాము. కూలి 600 నుంచి 900 రూపాయలకు పెంచుతున్నాము, ఎందుకంటే డ్రమ్ము అంచులు, రాడ్డు కొన, స్ప్రింగుల ఎత్తు, చైన్ వదులు అన్నీ మీ ఎదుటే కొలిచి చూపించడానికి పూట పడుతుంది. తెచ్చే ముందు దయచేసి కేబుల్ సర్దవద్దు. అది ఎలా ఉందో చూస్తేనే మాకు సగం విషయం అర్థమవుతుంది. ఇంజను చల్లారాకే చైన్ కొలుస్తాము కాబట్టి దూరం నుంచి వచ్చేవారు ముందురోజు సాయంత్రమే బండి వదిలి వెళ్తే తెల్లవారగానే పని మొదలుపెడతాము.