చెప్పకుండా మా రూటర్ సెట్టింగులు చెరిపేసి, లైన్ లెక్కలు కనిపించకుండా చేయడంపై ఫిర్యాదు

గౌరవనీయులైన వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: రోజూ సాయంత్రం డీఎస్ఎల్ (ఫోన్ తీగ మీద వచ్చే ఇంటర్నెట్) లైన్ తెగిపోవడం, ముందుగా తెలియజేయకుండా రూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం, దానివల్ల మా నెట్‌వర్క్‌కు కలిగిన నష్టం గురించి.

నమస్కారం.

మా ఆఫీసులో మీ డీఎస్ఎల్ కనెక్షన్ నాలుగేళ్లుగా ఉంది. రూటర్ కూడా మీరిచ్చిందే. పన్నెండు మంది పనిచేసే ఈ ఆఫీసులో నెట్‌వర్క్ చూసుకునే బాధ్యత నాది. ఇదే విషయం మీద మూడుసార్లు ఫోన్‌లో ఫిర్యాదు చేశాను. మూడుసార్లూ సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది తప్ప సమస్య తీరలేదు. అందుకే జరిగిందంతా వరసగా రాస్తున్నాను. కాస్త పొడుగైనా, లైన్ల సంగతి తెలిసిన ఇంజనీరు చేత దీన్ని చదివించమని కోరుతున్నాను.

సాయంత్రం ఆరున్నర దాటితే మా లైన్ తెగిపోతోంది. డీఎస్ఎల్ దీపం మినుకుమినుకుమంటుంది, నిమిషం పైన పడుతుంది మళ్లీ సింక్ అవడానికి, అంటే ఎక్స్ఛేంజితో కలవడానికి. ఆ తర్వాత మీ నెట్‌వర్క్‌లోకి పీపీపీఓఈ లాగిన్ జరిగి కొత్త ఐపీ అడ్రస్ వస్తుంది. ఈలోగా వీడియో కాల్‌లో ఉన్నవాళ్లు బయటపడిపోతారు, పంపుతున్న పెద్ద ఫైలు మళ్లీ మొదటి నుంచి పంపాలి. మాకు రాత్రి తొమ్మిదిన్నర దాకా పని ఉంటుంది. క్లయింట్లతో మాట్లాడేది కూడా ఎక్కువగా ఆ వేళలోనే.

తప్పు మా వైపు ఉందేమోనని ముందు మా వైపే చూసుకున్నాను. ఫోన్ తీసేశాను, ఫోన్‌నూ నెట్‌నూ విడదీసే స్ప్లిటర్ తీసేశాను, రూటర్‌ను కొత్త వైరుతో మొదటి సాకెట్‌కే నేరుగా కలిపాను. తేడా లేదు. అప్పుడు లెక్కలు రాయడం మొదలుపెట్టాను. రూటర్‌లో 192.168.1.1 తెరిస్తే డీఎస్ఎల్ స్టేటస్ పేజీ ఉండేది. సింక్ వేగం, ఎస్ఎన్ఆర్ మార్జిన్ (నాయిస్‌ను, అంటే లైన్‌లోని విద్యుత్ రొదను తట్టుకునే వెసులుబాటు), అటెన్యుయేషన్ (తీగ పొడవునా సిగ్నల్ ఎంత తగ్గిందో ఆ కొలత), సీఆర్‌సీ తప్పుల (పాడై వచ్చిన డేటా) సంఖ్య అన్నీ అక్కడ కనిపించేవి. ఐదు నిమిషాలకోసారి వాటిని చదివి ఫైల్లో దాచే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. రూటర్ సిస్‌లాగ్ (జరిగినవన్నీ రాసుకునే చిట్టా) మా పాత కంప్యూటర్‌కు వచ్చేలా పెట్టాను. పదకొండు రోజులు ఇలా నడిపాను.

ఆ లెక్కలు చూస్తే విషయం తేటగా తెలిసింది. మా లైన్ అటెన్యుయేషన్ 41 డెసిబెల్స్. అంటే లైన్ పొడుగైనదే, వేగం ఎక్కువ రాదని నాకు తెలుసు. మా డీఎస్ఎల్ రకమైన ఏడీఎస్ఎల్2ప్లస్ గరిష్ఠంగా 24 ఎంబీపీఎస్ ఇవ్వగలిగినా అది ఎక్స్ఛేంజికి దగ్గర్లో ఉన్నవాళ్ల మాట. వేగం తక్కువన్నది నా ఫిర్యాదు కాదు. పగలు రూటర్ ఆన్ చేస్తే లైన్‌లో నాయిస్ తక్కువగా ఉంటుంది కాబట్టి 8.2 ఎంబీపీఎస్ దగ్గర సింక్ అవుతుంది, మార్జిన్ 6, 7 డెసిబెల్స్ మిగులుతుంది. చీకటి పడేసరికి ఎక్కడి నుంచో నాయిస్ పెరిగి ఆ మార్జిన్ 1కి పడిపోతుంది. పగలు గంటకు పదీ ఇరవై ఉండే సీఆర్‌సీ తప్పులు వేలల్లోకి వెళ్తాయి. చివరికి లైన్ తెగుతుంది. తిరిగి సింక్ అయ్యేటప్పుడు నాయిస్‌ను లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఈసారి 5.9 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. ఆ వేగం దగ్గర అది స్థిరంగా ఉంటుంది.

ఆ పదకొండు రోజుల్లో నాలుగు రోజులు నేను రూటర్‌ను ముట్టుకోలేదు. ఆ నాలుగు సాయంత్రాలూ లైన్ తెగలేదు. మిగతా ఏడు రోజుల్లో మీ కాల్ సెంటర్ చెప్పినట్టు పొద్దున రీస్టార్ట్ చేశాను. ఆ ఏడు సాయంత్రాల్లో తొమ్మిదిసార్లు తెగింది. కారణం ఏమిటంటే, ఉదయం మావాళ్లు నెట్ నెమ్మదిగా ఉందంటారు, నేను మీకు ఫోన్ చేస్తాను, మీవాళ్లు రీస్టార్ట్ చేయమంటారు. చేయగానే 8.2 వస్తుంది, అందరూ సంతోషిస్తారు, మీరు ఫిర్యాదు మూసేస్తారు. సాయంత్రం ఆ 8.2ను లైన్ మోయలేక తెగుతుంది. అంటే మీరు చెబుతున్న మందే మాకు రోజూ జబ్బు తెచ్చిపెడుతోంది. పైగా రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ రూటర్‌లోని తప్పుల లెక్కలు సున్నాకు వెళ్లిపోతాయి, చూపించడానికి సాక్ష్యం మిగలదు. విడిగా దాచుకున్నాను కాబట్టి ఇదంతా మీకు చెప్పగలుగుతున్నాను.

ఈ లెక్కల ఫైలును మూడో ఫిర్యాదుతో పాటు మీకు ఈమెయిల్‌లో పంపాను. జవాబు రాలేదు. నాలుగు రోజుల తర్వాత ఒక రాత్రి మీరు దూరం నుంచి మా రూటర్ ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) మార్చారు. ఫోన్ లేదు, మెసేజ్ లేదు. తెల్లవారి ఆఫీసుకు వచ్చేసరికి ఎవరికీ నెట్ లేదు, ప్రింటర్ దొరకడం లేదు. సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోయాయి. నెట్‌వర్క్ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీలో ప్రింటర్‌కు, ఫైల్ సర్వర్‌కు, హాజరు మెషిన్‌కు నేను కేటాయించిన అడ్రస్‌లు పోయాయి. వైఫై పేరు, పాస్‌వర్డ్ స్టిక్కర్ మీదివి అయిపోయాయి. అన్నీ తిరిగి పెట్టడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. దాచుకున్న బ్యాకప్ ఫైలు పెడదామంటే కొత్త ఫర్మ్‌వేర్ తీసుకోలేదు. అన్నీ చేత్తో కొట్టుకోవలసి వచ్చింది.

అదంతా ఒక్కరోజు నష్టం, సర్దుకున్నాం. నాకు బాధ కలిగించింది వేరే ఉంది. కొత్త ఫర్మ్‌వేర్‌లో డీఎస్ఎల్ స్టేటస్ పేజీ మాకు కనిపించడం లేదు. సింక్ అయిందా లేదా అన్న ఒక్క మాట తప్ప మార్జిన్ లేదు, తప్పుల లెక్క లేదు. సిస్‌లాగ్ బయటికి పంపే సదుపాయం తీసేశారు. రూటర్‌ను వేరే కంప్యూటర్ నుంచి గమనించే ఎస్ఎన్ఎంపీ మెనూ కూడా మాయమైంది. రూటర్ లోపలి లాగ్ మాత్రం ఉంది కానీ టైమ్ సర్వర్ సెట్టింగు చెరిగిపోవడంతో అందులో ప్రతి వరసకూ 1970 జనవరి 1 అని పడుతోంది. దాన్ని మార్చే చోటు కూడా మాకు తెరుచుకోవడం లేదు. ఆ లాగ్‌నే మీకు పంపితే, తేదీలు సరిగా లేవు కాబట్టి పరిశీలించలేమని మీ ప్రతినిధి చెప్పారు. తేదీలు చెరిపింది మీ అప్‌డేటే కదా! నెలన్నర కష్టపడి లోపం ఎక్కడుందో కనిపెట్టిన మనిషితో ఆ మాట అనడం న్యాయమేనా అని అడుగుతున్నాను.

ఇప్పుడు ఇంకో సంగతి మొదలైంది. మా పాత కంప్యూటర్ నుంచి రూటర్ అవతల మీ వైపున్న గేట్‌వేకు నిమిషానికోసారి పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న సందేశం) పెట్టి చూస్తున్నాను. నాకు మిగిలిన దారి అదొక్కటే. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి రెండు మూడు నిమిషాలు జవాబు ఆగిపోతోంది. లాగ్‌లో తేదీ తప్పయినా, రూటర్ మొదలై ఎంతసేపైందో వెనక్కి లెక్కేస్తే ఆ వేళకే అది కొత్తగా మొదలైనట్టు తెలుస్తోంది. అంటే రూటర్ తనంతట తానే రోజూ రీస్టార్ట్ అవుతోంది. నాయిస్ తక్కువగా ఉండే ఆ సమయంలో అది ఎక్కువ వేగానికి సింక్ అవుతుంది, సాయంత్రం తెగుతుంది. ఇంతకుముందు నేను ముట్టుకోకుండా ఉంటే తెగని లైన్ ఇప్పుడు రోజూ తెగుతోంది.

భద్రత విషయం కూడా రాయక తప్పదు. అప్‌డేట్ తర్వాత అడ్మిన్ పాస్‌వర్డ్ మీ రూటర్లన్నిటికీ ఉండే మామూలు పాస్‌వర్డ్ అయిపోయింది. అనుమానం వచ్చి మొబైల్ డేటాతో మా ఐపీ అడ్రస్ కొట్టి చూస్తే, రూటర్ లాగిన్ పేజీ బయటి నుంచి తెరుచుకుంది! వెంటనే పాస్‌వర్డ్ మార్చాను, కానీ బయటి నుంచి రాకుండా ఆపే ఆప్షన్ మాకు ఇవ్వలేదు. 2016 నవంబరులో జర్మనీలో రూటర్ల మీద జరిగిన సైబర్ దాడిలో దాదాపు 9 లక్షల మంది కనెక్షన్లు దెబ్బతిన్నాయి. ఆ దాడి చేసినవాళ్లు గురిపెట్టింది, మీలాంటి సంస్థలు టీఆర్-069 పద్ధతిలో రూటర్లను దూరం నుంచి నడిపేందుకు వాడే 7547 పోర్టునే. దూరం నుంచి నడపడం తప్పని నేను అనను. లక్షల రూటర్లు చూసుకునే సంస్థకు అది అవసరమే. కానీ ఆ తలుపు మీ సర్వర్లకు మాత్రమే తెరుచుకోవాలి. మా ఆఫీసులో క్లయింట్ల ఫైళ్లు ఉన్నాయి. ఆ పేజీ కనిపించిన రాత్రి నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

నేను కోరేవి ఇవి. ముందుగా, బయటి నుంచి తెరుచుకుంటున్న ఆ లాగిన్ పేజీని ఈ ఉత్తరం అందిన రోజే మూసేయండి, ఇది వాయిదా వేసే పని కాదు. నాలుగింటి రీస్టార్ట్ ఆపండి. మా లైన్ ప్రొఫైల్‌లో (మీ వైపు ఉండే లైన్ సెట్టింగుల్లో) టార్గెట్ మార్జిన్‌ను, అంటే సింక్ అయ్యేటప్పుడు మిగుల్చుకోవలసిన మార్జిన్‌ను 6 నుంచి 9 డెసిబెల్స్‌కు పెంచండి. వేగం తగ్గుతుందని తెలుసు, దానికి మేం సిద్ధమే. తెగకుండా వచ్చే 6 ఎంబీపీఎస్ మాకు చాలు. ఆ తర్వాత అసలు నాయిస్ ఎక్కడి నుంచి వస్తోందో, స్తంభం దగ్గర జాయింట్లు పాడయ్యాయేమో మీటర్ పెట్టి చూడండి.

స్టేటస్ పేజీ, సిస్‌లాగ్, టైమ్ సర్వర్ మెనూలు మాకు తిరిగి ఇవ్వండి. అందరికీ ఇవ్వడం మీ విధానం కాకపోతే, రూటర్‌ను బ్రిడ్జి మోడ్‌లో (మోడెమ్‌గా మాత్రమే పనిచేసేలా) పెట్టి పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మాకు అందజేయండి. మా సొంత రూటర్ పెట్టుకుంటాం. అప్పుడు కూడా లైన్ లెక్కలు మీ మోడెమ్‌లోనే ఉంటాయి కాబట్టి కనీసం చదవడానికైనా ఆ పేజీ తెరిచి ఉంచాలి. ఇకపై ఫర్మ్‌వేర్ మార్చేటప్పుడు రెండు రోజుల ముందు మెసేజ్ పంపండి, మా సెట్టింగులు నిలిచేలా చూడండి.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. ఫిర్యాదు మూసేశామన్న మెసేజ్‌ను జవాబుగా తీసుకోను. జవాబు రాకపోతే మీ పైస్థాయి ఫిర్యాదుల విభాగానికి, అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. పదకొండు రోజుల లెక్కల ఫైలు, 1970 తేదీలు పడిన లాగ్, బయటి నుంచి తెరుచుకున్న లాగిన్ పేజీ ఫోటో దీనికి జతచేశాను. కనెక్షన్ వివరాలు విడి కాగితం మీద ఉన్నాయి.

లైన్‌మన్‌ను పంపేటప్పుడు దయచేసి సాయంత్రం ఆరున్నర తర్వాతే పంపండి. ఇంతకుముందు వచ్చినతను పదకొండు గంటలకు వచ్చి, లైన్ బాగానే ఉందని రాసుకుని వెళ్లిపోయారు. ఆ వేళకు అది నిజంగానే బాగుంటుంది. ఎంత రాత్రయినా నేను ఆఫీసులోనే ఉంటాను.

ఇట్లు,
మీ చందాదారు