23వ దాని కోసం వెనక్కి వెళ్లినవాళ్లకు

చీలమండ విరిగి ఏడు వారాలు మంచానికే అతుక్కుపోయాను. నిన్న చేతికర్ర ఊతంతో మళ్లీ మంద దగ్గరికి వెళ్లొచ్చాను. 23 తలలూ ఉన్నాయి, అన్నీ నిండుగా ఉన్నాయి. ఇన్నాళ్లూ పొద్దునా సాయంత్రమూ వాటిని చూసుకున్న వాలంటీర్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలనే అనుకున్నాను. కానీ మాట్లాడబోతే గొంతు పట్టేస్తోంది, అందుకే ఇలా రాస్తున్నా.

మా పశువులు మేసేది రిజర్వులో, అంటే మొక్కల్నీ పిట్టల్నీ కాపాడటానికి వదిలిన చోట. వాటిని అక్కడ వదిలింది పాల కోసం కాదు, గడ్డి కోసం. మేసేవి లేకపోతే ముతక గడ్డీ పొదలూ పెరిగిపోయి చిన్న పూలమొక్కలకు ఎండ తగలనివ్వవు. ఆవుకు పైదవడలో ముందుపళ్లు ఉండవు కదా, నాలుకతో చుట్టి లాగి తెంపుతుంది. అందుకే నేల నున్నగా గొరిగినట్టు కాకుండా ఎగుడుదిగుడుగా మిగులుతుంది. పురుగులూ పిట్టలూ ఆ కుదుళ్ల మధ్యే కాపురం పెడతాయి. అంతా బాగానే ఉంది గానీ, అంత పెద్ద చోట కాపరి లేకుండా తిరిగే పశువును రోజూ ఎవరో ఒకరు కళ్లతో చూసి రావాలి.

"చూసి రావడమేగా" అంటారు చాలామంది. నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. పశువుల్ని పెంచని వాళ్లకు ఏం తెలుస్తుందిలే అని, లెక్కపెట్టడం తప్ప ఏమీ అప్పగించలేదు. ఆ చిన్నచూపుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఏది నెమరేస్తోంది, ఏది ఊరికే నిలబడి ఉంది, ఏ గిట్ట ఆనించడం లేదు, ఎవరి కంట్లో నీరు కారుతోంది, పేడ పలచగా పడుతోందా... ఇవన్నీ దూరం నుంచే, మందను బెదరగొట్టకుండా పట్టుకోవడం వాళ్లు నేర్చుకున్నారు. ఎండాకాలంలో పెద్ద ఆవు రోజుకు 50 లీటర్లకు పైనే తాగుతుంది. తొట్టిలో తేలే బంతి ఇరుక్కుని నీళ్లు ఆగిపోయిన మధ్యాహ్నం అది ముందు కనిపెట్టింది రిటైరైన టీచరుగారు. మోకాలి లోతు బురదలో దిగి సరిచేసింది కూడా ఆవిడే.

ఆ శుక్రవారం సాయంత్రం సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. డ్యూటీలో ఉన్నది కాలేజీ అమ్మాయి. లెక్కపెడితే 22. మళ్లీ 22. చీకటి పడుతోంది, ఒకటి పొద చాటున ఉండి ఉంటుందిలే అని రాసేసి వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆ అమ్మాయి వెనక్కి వెళ్లింది. ముళ్లపొదల వెనకాల గోధుమరంగు పెయ్య మెడ ముందుకు చాచి నిలబడి ఉంది. నోటి నుంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది, ఎడమ డొక్క ఉబ్బి వెన్నుదాకా లేచింది. దగ్గరికి పోకుండా వీడియో తీసి డాక్టరుకు పంపింది, ఆ తర్వాతే నాకు ఫోన్ చేసింది. నేను కంగారులో "కాస్త నూనె పట్టించండి" అన్నాను. "వద్దండీ, గొంతులో ఏదో అడ్డుపడినట్టుంది, ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరుగారు చెప్పారు" అంది. ముప్ఫై ఏళ్లుగా పశువులతో ఉన్నవాణ్ణి నేను!

డాక్టరు వచ్చేసరికి ఇంకో ఇద్దరు గేటు తీసి టార్చీలతో దారి చూపిస్తున్నారట. మెడ మీద గడ్డలా తగులుతున్నదాన్ని బయటినుంచి వేళ్లతో నెమ్మదిగా పైకి నెట్టి తీస్తే, అది పండు. మొత్తం పండు, కొరకని పండు. షికారుకు వచ్చిన ఎవరో ప్రేమగా పెట్టి ఉంటారు. (దయచేసి పెట్టకండి. వాటికి అక్కడ తిండికి కరువు లేదు.) అడ్డు తొలగగానే గ్యాసంతా బుస్సుమని బయటికొచ్చింది. పావుగంటలో పెయ్య తల దించి గడ్డి వాసన చూసింది. ఇంకో గంటా రెండు గంటలు ఎవరూ చూడకపోతే ఆ ఉబ్బు ఊపిరితిత్తుల్ని నొక్కేసేది.

పెయ్యను బతికించినందుకు దండం పెడతాను, సరే. కానీ నన్ను ఎక్కువ కదిలించింది గేటు దగ్గరి డబ్బాలోని నోటుబుక్కు. నిన్న అక్కడే రాయి మీద కూర్చుని మొత్తం చదివాను. "23. అన్నీ బాగున్నాయి." "23. వాన. అన్నీ బాగున్నాయి." "23. కంచె తీగ మీద పడ్డ కొమ్మ తీసేశాం. బాగున్నాయి." పేజీలకు పేజీలు ఇదే. కొన్ని అక్షరాలు వానకు అలుక్కుపోయాయి. ఏమీ జరగని రోజున కూడా అంత దూరం నడిచి వచ్చి ఆ ఒక్క ముక్క రాసి వెళ్లారు. ఒక చోట "17వ నంబరు ఈరోజు నన్ను చూసి నాలుక బయటపెట్టింది" అని కూడా ఉంది. అది ఎవరు రాశారో నాకు తెలుసు.

సోమవారం నుంచి పొద్దుటి వంతు నాది. కాలువ దాటడం ఇంకా నావల్ల కాదు కాబట్టి సాయంత్రాలు మరో నెల మీరే చూడాలి, మొహమాటం లేకుండా అడుగుతున్నా. పాత నోటుబుక్కు మాత్రం నేను ఇంటికి తెచ్చేసుకున్నాను, తిరిగివ్వను. డబ్బాలో కొత్తది పెట్టాను, రెండు పెన్నులు కూడా.