తుపాకీ సంగతి అమ్మకి మీరే చెప్పండి

బోస్టన్,
శుక్రవారం రాత్రి

నాన్నా,

నేను బాగానే ఉన్నాను. ల్యాబ్ పని ఎప్పటిలాగే, రాయడానికేం లేదు. గోంగూర పచ్చడి ఈసారి కారకుండా వచ్చింది. సగం అప్పుడే అయిపోయింది.

ఆ రోజు వీడియో కాల్‌లో నా వెనక కనిపించినాయన సెక్యూరిటీ గార్డు కాదు, మా యూనివర్సిటీ పోలీసు. నడుముకి ఉన్నది నిజం తుపాకీయే. నేను గబుక్కున ఫోన్ తిప్పేశానని అమ్మ రెండు రోజులు ముభావంగా ఉంది. ముప్పై ఏళ్లు మీ ఖాకీ బట్టలు ఇస్త్రీ చేసిన మనిషికి తుపాకీ అంటే ఇంత టెన్షనేంటి?

మీరడిగారు కదా, ప్రైవేటు కాలేజీకి పోలీసులేంటని. జీతం కాలేజీది, అధికారం రాష్ట్రానిది. మసాచుసెట్స్‌లో స్టేట్ పోలీసు అధిపతి కాలేజీ ఉద్యోగుల్నే స్పెషల్ ఆఫీసర్లుగా నియమించవచ్చు. కాలేజీ స్థలాల్లో, భవనాల్లో నేరం జరిగితే మామూలు పోలీసుల్లాగే అరెస్టు చేస్తారు.

మొన్న రాత్రి ఒంటిగంటకి కార్డు లోపల మర్చిపోయి ల్యాబ్ బయట చలిలో ఉండిపోయాను. అలాంటి ఆయనే ఒకాయన వచ్చి పేరడిగి, తలుపు తీసి, నేను బ్యాగు తెచ్చుకునేదాకా నుంచున్నాడు. చాలా మర్యాదస్తుడు. కానీ ఆయన నా వైపు నడిచొస్తుంటే జేబులోంచి చేతులు తీయాలో వద్దో తెలియలేదు నాన్నా. పోలీసు క్వార్టర్స్‌లో పెరిగిన దాన్ని, నాకు! ఇది అమ్మకి చదవకండి.

ఈ పోలీసులు ఏ రోజు ఏం జరిగిందో రాసే రోజువారీ లాగ్ ఎవరైనా చూడొచ్చని చట్టముంది. చూశాను. సైకిల్ దొంగతనం, గట్టిగా పాటలు, మళ్లీ సైకిల్ దొంగతనం. పూర్తి రిపోర్టులు మాత్రం వేరే సంగతి. హార్వర్డ్ విద్యార్థుల పత్రిక అవి అడిగి కోర్టుకెళ్తే, ప్రైవేటు సంస్థ కాబట్టి ఇవ్వక్కర్లేదని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2006లో చెప్పేసింది. సమాచార హక్కు దరఖాస్తులకి మీరు రాత్రిళ్లు కూర్చుని జవాబులు రాయడం గుర్తొచ్చింది. డ్యూటీ దిగాక తుపాకీ అప్పగించి సంతకం పెట్టడం, తూటాలు రెండుసార్లు లెక్కపెట్టడం కూడా. ఇక్కడ ఆ లెక్క ఎవరికి చెప్తారో నాకింకా సరిగా అర్థం కాలేదు.

అలాగని వాళ్లు వద్దనీ అనలేను. ఆదివారం నది దాటి ఎంఐటీ వైపు నడిచాను. 2013 ఏప్రిల్ 18న, బోస్టన్ మారథాన్ పరుగు పందెంలో బాంబు పేలుళ్లు జరిగిన మూడు రోజులకి రాత్రి, షాన్ కోలియర్ అనే ఎంఐటీ క్యాంపస్ పోలీసుని ఆ బాంబులు పెట్టిన అన్నదమ్ములు కారులోనే కాల్చేశారు. ఆయన తుపాకీ లాక్కోవాలని చూస్తే ఒరలోంచి రాలేదట. ఆయన గుర్తుగా కట్టిన గ్రానైట్ కమాను కింద కాసేపు నుంచున్నాను. మీ నైట్ డ్యూటీ రోజుల్లో అమ్మ గేటు దగ్గర కూర్చునేది, గుర్తుందా?

బీపీ మాత్రలు మానకండి. తమ్ముడికి బండి తాళం ఇచ్చారని తెలిసింది. హెల్మెట్ లేకుండా ఇవ్వకండి.

మీ
చిట్టి